పాత ఇనుప గొట్టానికి కొత్త ఫ్లాంజ్

అమెరికాలో పాత ఇల్లు కొన్నారా? బోల్టులు ఎంత బిగించినా కమోడ్ ఊగుతోందా? అయితే దాన్ని ఎత్తి, అడుగునున్న ఫ్లాంజ్‌ను చూడాల్సిందే.

మురుగు గొట్టం పైఅంచుకు బిగించే వెడల్పాటి రింగే ఫ్లాంజ్. కమోడ్‌ను పట్టి ఉంచే రెండు బోల్టులూ దాని గాడుల్లోనే నిలబడతాయి. కమోడ్‌కూ దానికీ మధ్య ఉండే మైనపు రింగు నీటినీ దుర్వాసననూ ఆపుతుంది. కమోడ్ ఊగితే మైనం నలిగి సందు పడుతుంది. రబ్బరులా అది తిరిగి ఉబ్బదు. ఆ సందులోంచి కారే నీరు కంటికి కనపడకుండానే నేల కింది చెక్కను కుళ్లబెడుతుంది.

పాత ఇళ్లలో గొట్టాలు పోత ఇనుముతో చేసినవి. గొట్టానికీ ఫ్లాంజ్‌కీ మధ్య సందులో నార కూరి, పైన కరిగిన సీసం పోసి దట్టించేవారు. కమోడ్ తీయగానే గొట్టంలో పెద్ద గుడ్డ కుక్కండి. మురుగు వాయువు పైకి రాదు, ముక్కలు లోపల పడవు.

బోల్టు పట్టే చోట మాత్రమే విరిగితే, పైన స్టీలు రిపేర్ రింగు వేసి నేలకు స్క్రూలు బిగిస్తే చాలు. ఫ్లాంజంతా తుప్పు పడితే మాత్రం సీసంలో వరసగా రంధ్రాలు వేసి, మెల్లగా పెకిలించాలి. సుత్తితో బాదొద్దు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. సీసం విషం కాబట్టి గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

కొత్త ఫ్లాంజ్‌ల్లో రెండు రకాలు. గొట్టం లోపలికి దిగి రబ్బరుతో బిగుసుకునేది తేలిక, కానీ దారిని ఇరుకు చేస్తుంది. 4 అంగుళాల గొట్టంలో ఫరవాలేదు, 3 అంగుళాలదైతే బయటివైపు పట్టేదే మేలు. కొనేముందు గొట్టం లోపలి, బయటి కొలతలు రెండూ తీసుకోండి. గొట్టమే పగిలి ఉంటే, బాగున్న చోటికి కోసి, రబ్బరు కప్లింగ్‌తో పీవీసీ గొట్టం కలపాలి. ఆ పని ప్లంబర్‌కే వదలండి.

ఏ రకమైనా ఫ్లాంజ్ టైల్స్ మీద ఆనాలి, స్క్రూలు కింది గట్టి చెక్కలోకి దిగాలి. కాంక్రీటు నేలైతే యాంకర్లు వాడాలి. చెక్క మెత్తబడి ఉంటే ముందు దాన్నే మార్చాలి. గొట్టాన్ని మాత్రమే పట్టుకుని నేలను వదిలేసిన ఫ్లాంజ్, మనిషి కూర్చున్న ప్రతిసారీ కాస్త కదులుతుంది. అప్పుడు కొత్త మైనానికీ పాతదాని గతే పడుతుంది.