కరవు సీమలో సముద్రపు చేప: సీతాకోకచిలుక చేపల పెంపకంలో నీటి లెక్క

అనంతపురం జిల్లా సాలుసరి వర్షపాతం సుమారు 550 మి.మీ. వర్షచ్ఛాయలో, సముద్రానికి దూరంగా ఉన్న ఈ పీఠభూమిలో ఇంటి అక్వేరియంలో సముద్రపు చేపలను పెంచదలచినవారు ముందుగా వేసుకోవలసింది నీటి లెక్క. చేపల ఎంపిక ఆ తరువాతి మాట.

పళ్లెంలా పలుచని దేహంపై పసుపు, నలుపు చారలు గల సీతాకోకచిలుక చేపలు పగడపు దిబ్బలలో నివసిస్తాయి. వీటికి లీటరు నీటిలో 33-35 గ్రాముల లవణాలు, 25-27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ఉండాలి. మండు వేసవిలో నీటిని చల్లబరచే చిల్లర్ తప్పదు. 400 లీటర్ల తొట్టెను మొదటిసారి నింపడానికే దాదాపు 14 కిలోల సముద్ర లవణ మిశ్రమం అవసరం. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రజలంలోని కాల్షియం, మెగ్నీషియం అందులో తగినంత ఉండవు.

అసలు చిక్కు ఆవిరితోనే. పొడిగాలికి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. కాబట్టి తగ్గిన మట్టాన్ని ఉప్పులేని శుద్ధజలంతోనే భర్తీ చేయాలి. ఈ ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్, కాఠిన్యం అధికం. అదే పోస్తూ పోతే ఆ లవణాలు తొట్టెలో పేరుకొంటాయి. ఇళ్లలోని ఆర్.ఓ. యంత్రాలు లీటరు శుద్ధజలానికి సాధారణంగా రెండు మూడు లీటర్లు బయటికి వదులుతాయి. రోజుకు 4 లీటర్లు ఆవిరైతే నెలకు 120 లీటర్లు కావాలి. అందుకోసం వృథా అయ్యేది 240 నుండి 360 లీటర్లు. ట్యాంకరు కోసం బిందెలు వరుసకట్టే వేసవిలో ఇది చిన్న మొత్తం కాదు. వాననీరు మేలైన మార్గం: పది చదరపు మీటర్ల కప్పుపై 20 మి.మీ. వాన కురిస్తే సుమారు 200 లీటర్లు వస్తాయి. తొలి జల్లును వదిలి పట్టుకోవాలి. జింకు పూత రేకులపై పడిన నీటిని వాడరాదు.

తొట్టె నుండి తీసిన ఉప్పునీటిని పెరటి మొక్కలకు పోయరాదు. సముద్రజలం విద్యుత్ వాహకత మీటరుకు సుమారు 50 డెసిసీమెన్లు. నేల వాహకత 3.2 దాటితేనే వేరుశనగ దిగుబడి తగ్గనారంభిస్తుంది.

ఇక చేప విషయం. కీటోడాన్ ట్రైఫాసియాలిస్ దాదాపుగా అక్రోపోరా పగడాలనే తిని బ్రతుకుతుంది. తొట్టెలో మేత ఎంత వేసినా పస్తుండి చనిపోతుంది. సజీవ పగడాలను తెచ్చి వేయడమూ కుదరదు. దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పురుగులు, నాచు కూడా తినే కీటోడాన్ ఆరిగా, కీటోడాన్ లునులా కొంత నయం. అయితే అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. కనుక దుకాణంలో తన ఎదుటే మేత వేయించి, తింటున్న చేపనే కొనాలి. కొత్త తొట్టెలో మేలుచేసే బ్యాక్టీరియా స్థిరపడి అమ్మోనియా సున్నాకు చేరడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపను తేరాదు.