ఆకాశము నుండి ఇంటర్నెట్: వాడుకదారుల ఇబ్బందులు, వాటి కారణములు

కొంతకాలము క్రిందట, శ్రావణమాసములో, మన్యప్రాంతమునందలి ఒక పంచాయతీ కార్యాలయమునకు మేము పోయియుంటిమి. ఆ గ్రామమునకు కొండల మీదుగా తీగ రాలేదు గనుక, కార్యాలయపు మేడమీద ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ అమర్చబడినది. వరండాలో ఒక వృద్ధురాలు గోడకు ఆనుకొని కూర్చుండియుండెను. పింఛను నిమిత్తము వ్రేలిముద్ర వేయుటకై ఆమె కొండ దిగివచ్చుట అది మూడవసారి. మొదటి దినమున కుంభవృష్టి. రెండవ దినమున కరెంటు లేదు. మూడవ దినమున వానయు లేదు, కరెంటును ఉన్నది; కాని యంత్రముపై గుండ్రని గుర్తు తిరుగుచునే యుండెను. "పైన ఏం పాడైంది బాబూ?" అని ఆమె మమ్ములను అడిగినది.

ఈ ప్రశ్న ఆ వృద్ధురాలిది మాత్రమే కాదు. ఉపగ్రహము ద్వారా ఇంటర్నెట్ పొందుచున్న వాడుకదారులు అన్ని దేశములలోను ఇదే ప్రశ్న అడుగుచున్నారు. మన దేశములో ఇండ్లకు ఈ సేవ నందించుటకు క్రొత్త సంస్థలు ముందుకు వచ్చుచున్న ఈ సమయమున, దాని గుణములతోపాటు లోపములను గూడ పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరము. లోపము ఎక్కడ కలదో తెలిసినచో, దేనిని భరింపవలెనో, దేనిని గూర్చి గట్టిగా అడుగవలెనో తెలియగలదు.

సేవ వచ్చిన విధము

గృహములకు ఉపగ్రహ ఇంటర్నెట్ 1996లో అమెరికాలో ప్రారంభమైనది. ఆనాడు సమాచారము ఉపగ్రహము నుండి దిగివచ్చెడిది. ఇంటినుండి పోవలసినది మాత్రము టెలిఫోను తీగపై పోయెడిది. తరువాతి కాలమున రెండు మార్గములును ఉపగ్రహము ద్వారానే ఏర్పడినవి. మన దేశపు జీశాట్-11 ఉపగ్రహము 2018 డిసెంబరులోను, జీశాట్-20 ఉపగ్రహము 2024 నవంబరులోను కక్ష్యకు చేరినవి. ఇవి భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలుచునవి. భూమి తిరుగు వేగముతోనే తిరుగుచుండుటచే ఒకేచోట నిలిచినట్లు కన్పట్టును.

రెండవ రకము ఉపగ్రహములు తక్కువ ఎత్తున తిరుగునవి. స్టార్‌లింక్ ఉపగ్రహములు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునను, వన్‌వెబ్ ఉపగ్రహములు సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తునను తిరుగును. వన్‌వెబ్ వారి ఉపగ్రహములలో 72 మన శ్రీహరికోట నుండియే 2022 అక్టోబరులోను, 2023 మార్చిలోను రెండు విడతలుగా ప్రయోగింపబడినవి. స్టార్‌లింక్ సంస్థకు 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ లైసెన్సు లభించినది.

మాట ఆలస్యమగుట ఎందువలన?

వాడుకదారుల మొదటి ఫిర్యాదు జాగు. ఫోనులో ఒకరు మాటలాడిన పిమ్మట కొంతసేపటికి గాని రెండవవారికి వినబడదు. ఇద్దరి మాటలు ఒకదానిపై నొకటి పడును. "ఇంత వేగమని చెప్పి అమ్మినారు గదా!" అని జనులు విసుగుకొందురు.

వేగము వేరు, జాగు వేరు. బాట ఎంత వెడల్పుగా ఉన్నను పొరుగూరు దగ్గరకు రాదు. నిలిచియుండు ఉపగ్రహమునకు పోయి దిగుటకు సమాచారము 71,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను. కాంతి సెకనుకు మూడులక్షల కిలోమీటర్లు పోవును గనుక దీనికి పావు సెకను పట్టును. మనము అడిగినది పోయి, జవాబు తిరిగివచ్చుటకు అర సెకను. యంత్రముల ఆలస్యమును కలిపినచో ఇంకను ఎక్కువ. ఒక పత్రమును పంపుటకు ముందు మన యంత్రమునకును ఆవలి యంత్రమునకును మధ్య పలుమార్లు ప్రశ్నోత్తరములు జరుగును. అట్టివి పది జరిగినచో ఐదారు సెకనులు గడచును. ఆవలి యంత్రము అంతసేపు వేచియుండునట్లు అమర్చబడని యెడల "సమయము ముగిసినది" అని తిప్పిపంపును. వ్రేలిముద్ర వేసినవారు మరల వేయవలసివచ్చును.

ఈ జాగు ఏ సంస్థయు తొలగింపగలది కాదు. తక్కువ ఎత్తున తిరుగు ఉపగ్రహములకు మాత్రము ఈ చిక్కు స్వల్పము. 550 కిలోమీటర్ల ఎత్తునకు పోయివచ్చుటకు సెకనులో వెయ్యవవంతులు నాలుగు చాలును.

వాన, ఎండ, చెట్టు

రెండవ ఫిర్యాదు వాన. ఈ సేవకు వాడు తరంగముల నిడివి ఒకటి రెండు సెంటీమీటర్లు. వానచినుకు పరిమాణము దానికి అంత దూరము కాదు. అందుచే పెద్దవానలో చినుకులు తరంగములను పీల్చుకొనును, చెదరగొట్టును. సన్నని జల్లులో పనిచేయు డిష్ కుంభవృష్టిలో ఆగుటకు ఇదియే కారణము. మరొక విశేషము కలదు. ఉపగ్రహము నుండి వచ్చు సమాచారము ఎక్కడో దూరమునందున్న భూకేంద్రము నుండి పైకి పోయినదే. ఆ కేంద్రముపై పెద్దవాన కురిసినచో, మన ఊరిలో ఎండ కాయుచున్నను సేవ మందగింపవచ్చును. కొన్ని సంస్థలు ఇందుకై వేరొకచోట మారు కేంద్రములను ఏర్పాటు చేసికొనును.

ఎండవలన గూడ ఒక చిక్కు కలదు. సంవత్సరమునకు రెండుమార్లు, రాత్రింబవళ్లు సమానమగు రోజులకు అటునిటుగా, సూర్యుడు నిలిచియుండు ఉపగ్రహమునకు సరిగ్గా వెనుకకు వచ్చును. అప్పుడు కొన్నిరోజులపాటు దినమునకు కొద్ది నిమిషములు సేవ ఆగును. ఇది చెడిపోవుట కాదు. దానియంతట అది తొలగును.

ఇక డిష్ దిశ. నిలిచియుండు ఉపగ్రహమువైపు డిష్ ఒక డిగ్రీ తప్పినను, అంత దూరమున గురి ఆరువందల కిలోమీటర్లకు పైగా ప్రక్కకు పోవును. గాలివాన, వదులైన బోల్టు, మేడపై దుముకు కోతులు ఇందుకు చాలును. తక్కువ ఎత్తున తిరుగు ఉపగ్రహములు గంటకు సుమారు 27,000 కిలోమీటర్ల వేగమున పోవును. డిష్ కొద్ది నిమిషములకొకసారి ఒకదానిని విడిచి మరొకదానిని పట్టుకొనవలెను. గురి పెట్టు శ్రమ లేదు గాని, ఆకాశము విశాలముగా కన్పింపవలెను. ఒకవైపు చెట్టో గుట్టో అడ్డమున్నచో సేవ మాటిమాటికి తెగుచుండును.

కాలువ చివరి పొలము

"పగలు బాగుండును, రాత్రి ఎనిమిదింటికి పాకును" అనునది మూడవ ఫిర్యాదు. దీనిని అర్థము చేసికొనుటకు ఆయకట్టు రైతునకు పాఠము చెప్పనక్కరలేదు. కాలువలో నీరు ఒక్కటే. తూములన్నియు ఒకేసారి తెరచినచో చివరి పొలమునకు అందదు.

జీశాట్-20 ఉపగ్రహపు మొత్తము సామర్థ్యము సెకనుకు సుమారు 48 గిగాబిట్లు. అది 32 పుంజములుగా దేశముపై పరచబడినది. సగటున ఒక్కొక్క పుంజమునకు ఒకటిన్నర గిగాబిట్లు. ఒకేసమయమున వేయిమంది వాడినచో తలకు ఒకటిన్నర మెగాబిట్లు మాత్రమే. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు కనీసము 2 మెగాబిట్లు ఉండవలెనని 2023లో మన ప్రభుత్వము నిర్ణయించినది. కావున ఎంతమందిని చేర్చుకొనుట అనునది సంస్థ చేతిలోనున్న విషయము. ఇది ప్రకృతి ధర్మము కాదు. దీనిని గూర్చి గట్టిగా ప్రశ్నింపవచ్చును.

ఈ పంపకము కొరకే పెక్కు సంస్థలు నెలకింత అని పరిమితి పెట్టును. పరిమితి దాటినచో వేగము తగ్గించును. స్పష్టమైన పెద్దచిత్రముతో సినిమా చూచినచో గంటకు 3 గిగాబైట్ల వరకు ఖర్చగును. ఫోనులు తమంతట తామే క్రొత్త ప్రోగ్రాములను దింపుకొనుట చేతను నెలసరి వాటా తరిగిపోవును. "మేమేమియు చూడలేదు, వాటా ఎట్లు తీరినది?" అను తగవులకు మూలము తరచుగా ఇదియే.

'వరకు' అను మాట

ప్రకటనలలో "100 మెగాబిట్ల వరకు" అని యుండును. 100 అను అంకె పెద్ద అక్షరములలోను, 'వరకు' అను మాట చిన్న అక్షరములలోను ఉండును. వాడుకదారు అంకెను చదువును. సంస్థ తగవు వచ్చినపుడు 'వరకు'ను చూపును. అమెరికాలో ఇట్టి తగవులు పెరుగుటచే, ఆహారపు పొట్లములపై సరుకుల వివరము వేసినట్లు, నెలసరి ధర, సాధారణ వేగము, జాగు, నెలసరి వాటా మున్నగునవి ఒకే పట్టికలో చూపవలెనని అచ్చటి కమ్యూనికేషన్ల కమిషన్ 2024 నుండి నిర్బంధించినది. అట్టి పట్టికను మనము గూడ అడిగి, వ్రాతమూలముగా తీసికొనవచ్చును.

ఒప్పందకాలము, ముందుగా విడిచిపెట్టినచో కట్టవలసిన సొమ్ము, డిష్ మన సొంతమా అద్దెదా, మరమ్మతునకు మనిషి వచ్చుటకు ఎన్ని దినములు, అందుకు రుసుమెంత — ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరకకముందే సంతకము చేయరాదు.

మరమ్మతు విషయమున ఇంకొక సంగతి గమనింపదగును. తీగ తెగినచో లైన్‌మన్ వచ్చి అతుకును. ఉపగ్రహము చెడినచో ఎక్కువగా చేయగలిగినది లేదు. 2023లో ప్రయోగింపబడిన ఒక అమెరికను ఉపగ్రహము, వయాశాట్-3, తన పెద్ద ఆంటెనా సరిగా విచ్చుకొనకపోవుటచే అనుకొన్న సామర్థ్యములో పదవవంతు గూడ ఇయ్యజాలకపోయినది. 2025 జూలై 24వ తేదీన స్టార్‌లింక్ సేవ ప్రోగ్రాము లోపముచే రెండున్నర గంటలసేపు పలు దేశములలో నిలిచిపోయినది. కనుక ముఖ్యమైన పనులకు ఈ సేవ ఒక్కదానినే నమ్ముకొనుట మంచిది కాదు.

ఫిర్యాదు చేయు మార్గము

ట్రాయ్ సంస్థ 2012లో చేసిన నిబంధనల ప్రకారము టెలికాం సంస్థలు ఫిర్యాదుల కేంద్రమును నడుపవలెను. ప్రతి ఫిర్యాదునకు ఒక సంఖ్య ఇవ్వవలెను. పరిష్కారము తృప్తికరముగా లేనిచో, లేక గడువు దాటినచో, 30 దినములలో ఆ సంస్థయొక్క అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. ఇందుకు రుసుము లేదు. అప్పీలుపై 39 దినములలో నిర్ణయము చెప్పవలెను. ట్రాయ్ సంస్థ తాను స్వయముగా వ్యక్తుల ఫిర్యాదులను విచారింపదని జ్ఞప్తియందుంచుకొనవలెను.

2019 వినియోగదారుల రక్షణ చట్టము టెలికాం సేవను పేర్కొనియే తన పరిధిలో చేర్చినది. సొమ్ము చెల్లించి సేవ పొందిన ఇంటి వాడుకదారు రెండు సంవత్సరములలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మూల్యము ఐదులక్షల రూపాయల లోపుగా నున్నచో ఫిర్యాదునకు రుసుము లేదు. సలహా కొరకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు టెలిఫోను సంఖ్య 1915.

పంచాయతీలు చేయదగినవి

మొదటిది, కార్యాలయమున ఒక పుస్తకము ఉంచి, సేవ ఆగిన తేదీ, వేళ, వాతావరణము, కరెంటు స్థితి, ఫిర్యాదు సంఖ్య వ్రాయవలెను. నెలదినములు వ్రాసినచో లోపము వానదా, కరెంటుదా, సంస్థదా అన్నది దానియంతట అదే బయటపడును. రెండవది, డిష్‌కును మోడెమ్‌కును బ్యాటరీ ఆధారము కల్పింపవలెను. మూడవది, ఋతువునకొకసారి డిష్ ఎదుట ఆకాశమును చూడవలెను. నాలుగవది, వ్రేలిముద్ర పనులు నడుచు రోజులలో కార్యాలయపు వాటాను సినిమాలకు వాడనీయరాదు. ఐదవది, తీగ రాగల గ్రామములు ఉపగ్రహముతో తృప్తిపడక, భారత్‌నెట్ తీగ కొరకు గ్రామసభలో తీర్మానించి పంపవలెను.

ఉపగ్రహ సేవ నిష్ప్రయోజనమని మా భావము కాదు. 2022 జనవరిలో టోంగా దీవులలో అగ్నిపర్వతము బ్రద్దలై సముద్రగర్భపు తీగ తెగినపుడు, ఆ జనులకు బయటి ప్రపంచముతో సంబంధము నిలిపినది ఉపగ్రహములే. తీగ ఎక్కలేని కొండకు, వరద చుట్టుముట్టిన లంకకు ఇంతకన్న దారి లేదు. దారి కష్టమైనదని తెలిసి నడచువాడు పడిపోడు.

ఆ మన్యపు గ్రామమునకు మరల వత్తము. ఆ దినమున మేము కార్యదర్శితో కలిసి మేడ ఎక్కితిమి. డిష్ చక్కగానే యున్నది. దాని ఎదుట ఒక టేకు చెట్టు నిలిచియున్నది. వేసవిలో డిష్ పెట్టిననాడు దానికి ఆకు లేదు. వానలతో చిగిర్చి, చేటలంత ఆకులతో ఆకాశమును కప్పివేసినది. సంస్థవారికి నాలుగుమార్లు ఫోను చేసినామని కార్యదర్శి చెప్పెను. ఫిర్యాదు సంఖ్య మాత్రము ఒక్కదానికిని లేదు. ఒక పిల్లవాడు చెట్టెక్కి రెండు కొమ్మలు నరికెను. కొంతసేపటికి వృద్ధురాలి వ్రేలిముద్ర అందినది. పైన ఏమియు పాడు కాలేదు. పైకి చూచినవారు మాత్రము అంతవరకు లేకపోయిరి. ఆ పని పంచాయతీ సభ్యులది.