మీకు తెలుసా? జీర్ణాశయ క్యాన్సర్ కణంలో విటమిన్ ఎ పని
విటమిన్ ఎ నుంచి శరీరంలో తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం కణకేంద్రకంలోకి చేరి, 1987లో తొలిసారి గుర్తించిన రెటినోయిక్ ఆమ్ల గ్రాహకాలతో, అంటే ఆ ఆమ్లాన్ని పట్టుకొని జన్యువుల పనితీరును నియంత్రించే ప్రొటీన్లతో కలిసి, కొన్ని ప్రొటీన్ల ఉత్పత్తిని పెంచుతుంది, మరికొన్నింటిని తగ్గిస్తుంది. ప్రయోగశాలలో పెంచిన కొన్ని జీర్ణాశయ క్యాన్సర్ కణాలకు దీన్ని అందించినప్పుడు, కణవిభజనకు కళ్లెం వేసే పి21 ప్రొటీన్ పెరిగి, డీఎన్ఏకు నకలు తయారుకాకముందే విభజన నిలిచిపోతుంది. అయితే అన్ని కణాలూ ఇలా లొంగవు. మామూలుగా రెటినోయిక్ ఆమ్లమే బీటా రకం గ్రాహకం ఉత్పత్తినీ పెంచుతుంది. కానీ ఇక్కడే అసలు చిక్కు ఉంది: ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఆరంభ భాగానికి మిథైల్ సమూహాలు అంటుకోవడం వల్ల, జన్యుక్రమం చెక్కుచెదరకపోయినా, పలు కణితుల్లో ఆ ప్రొటీన్ తయారీ అణగిపోతుంది. తీవ్ర ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఔషధంగా స్థిరపడిన ఈ ఆమ్లం జీర్ణాశయ క్యాన్సర్ విషయంలో ఇంకా పరిశోధన దశలోనే ఉంది.