నాలుగవ గ్లాసు రుచి

మానవుని నాలుక పుట్టుకతోనే తీపిని కోరును. చంటిబిడ్డకు చక్కెరనీరు పట్టిన చప్పరించును. కషాయము పట్టిన ముఖము చిట్లించును. ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై కాఫీ లేనిదే ప్రొద్దు గడవదనును; కాకరకాయ వేపుడుకై విస్తరిలో చోటు వెదకును. కావున రుచులలో కొన్ని జన్మతః వచ్చునవి, కొన్ని అభ్యాసముచే అబ్బునవి అని రెండు తెగలు చేయవచ్చును. ఈ రెండవ తెగకు చెందిన పానీయమొకటి మన రాయలసీమలో కలదు. అదియే నన్నారి షరబత్తు.

నేను కృష్ణాతీరమున పుట్టి పెరిగినవాడను. ముప్పది యేండ్ల క్రితము ఉద్యోగరీత్యా కడపకు పోయితిని. మొదటి వేసవిలో ఒకనాడు తోటి అధ్యాపకుడొకరు నన్నొక షరబత్తు అంగడికి తోడ్కొనిపోయెను. అంగడి పెద్దాయన గాజు గ్లాసులో ఎఱుపు కలసిన నల్లని పాకము పోసి, నిమ్మకాయ పిండి, గోలీసోడా కొట్టి, నురుగు పొంగుచుండగా నా చేతికిచ్చెను. ఒక గుక్క త్రాగితిని. తడిసిన మట్టి వాసన, మందుల అంగడి వాసన, నడుమ నెక్కడనో తీపి! మ్రింగలేక ప్రక్కనున్న కాలువలో ఉమిసితిని.

పెద్దాయన కోపపడలేదు. "కొత్తగా వచ్చినట్టుండావు సారూ. మొదటి గ్లాసు అట్లే ఉంటాది. నాలుగోది తాగినాక చెప్పు" అనెను. డబ్బులీయబోగా పుచ్చుకొనలేదు.

ఆ నాలుగవ గ్లాసును చేరుటకు నాకు రెండు వారములు పట్టినది. అది నా పట్టుదల వలన జరిగినది కాదు. కడప ఎండ వలన జరిగినది. ఆనాడు మందువాసన ఎక్కడికి పోయినదో తెలియదు. మొదట రోత పుట్టించిన మట్టివాసనయే తొలకరి వాసనగా తోచినది. ఇంకొక గ్లాసు అడిగితిని. పెద్దాయన ఏమియు అనక, నవ్వి, పోసి యిచ్చెను.

నన్నారి యనగా సుగంధిపాల తీగ వేరు. సంస్కృతమున దీనిని శారిబ యనియు, అనంతమూలమనియు అందురు. ఆకు నడుమ తెల్లని చార యుండును. త్రుంచిన పాలు కారును. పరిమళమంతయు వేరు తొక్కలోనే కలదు. వేరును కడిగి, దంచి, నడిమి పుల్లను తీసివేసి, తొక్కను వేడినీటిలో రాత్రంతయు నానవేయుదురు. ఆ నీటిని వడగట్టి చక్కెరతో పాకము పట్టుదురు. మితిమీరి మరిగించినచో పరిమళము ఆవిరితో పోవును.

రసాయన శాస్త్రము ఇచట నొక చిత్రమైన సంగతి చెప్పుచున్నది. పిల్లలు మొదటి చెంచాకే మెచ్చుకొను వెనిల్లా ఐస్‌క్రీమునకు పరిమళమిచ్చునది వెనిలిన్ అను పదార్థము. నన్నారి వేరునకు పరిమళమిచ్చు ముఖ్య పదార్థమున కూడ సరిగా ఆ పరమాణువులే కలవు: కర్బనము 8, ఉదజని 8, ఆమ్లజని 3. అమరికలో మాత్రమే భేదము. అక్షరములు అవియే, పదము వేఱు.

ఇక గోలీసోడా. నీటిలో బొగ్గుపులుసు వాయువును కలుపు విధమును 1767లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొనెను. గోలీ సీసాకు హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందెను. సీసాను తలక్రిందులు చేసి నింపుదురు. గోలీ మెడలోనికి జారి, లోపలి వాయువు ఒత్తిడిచే రబ్బరు చుట్టకు అదుముకొని తానే మూతయగును. దానిని లోనికి నొక్కిననాడు వినవచ్చు చప్పుడే మన పల్లెల వేసవికి మంగళవాద్యము. జపానులో రామునె అను పానీయమును నేటికిని ఇట్టి సీసాలలోనే అమ్ముదురు.

అమెరికాలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి యొకడు అచటి రూట్ బీర్ అను పానీయమును గూర్చి, "మాస్టారూ, నొప్పుల బామ్ కలిపి ఇచ్చినట్లున్నది" అని వ్రాసెను. అతడు చెప్పినది అతిశయోక్తి కాదు. అందు కలిపెడి వింటర్‌గ్రీన్ పరిమళమునకు మూలమైన మిథైల్ సాలిసిలేట్ మన బామ్‌లలోను ఉన్నది. అచటి బాలునికి అది పండుగనాటి వాసన. మనవానికి అమ్మమ్మ మోకాళ్ల నొప్పుల వాసన. అచటనే 1884 నుండి అమ్ముడగుచున్న మాక్సీ అను పానీయము జెన్షియన్ వేరు చేదు కలది. క్రొత్తవారు ముఖము త్రిప్పుకొందురు. మెయిన్ రాష్ట్రమువారు 2005లో దానినే తమ అధికార శీతలపానీయముగా ప్రకటించుకొనిరి. దీనిని బట్టి చూడగా, మనము ఉమియునది రుచిని కాదు, దానిని అంటియున్న జ్ఞాపకమును. పాత జ్ఞాపకముపై క్రొత్త జ్ఞాపకము పేరుకొనువఱకు వేచియుండుటయే అభ్యాసము.

ఈ మాట వ్రాయుచుండగా నా మనస్సు నన్నే నిలదీయుచున్నది. చాల యేండ్ల క్రితము ప్రబంధ పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి పుస్తకము మూసి, "ఇందులో రుచియేమున్నదండీ? అంతా నిఘంటువు వాసన" అనెను. నేను మండిపడి వానిని తరగతినుండి వెడలగొట్టితిని. వాడు మరల పద్యము జోలికి రాలేదు. తాను కాచిన పాకమును కన్నులయెదుట ఉమిసిన నన్ను ఆ షరబత్తు పెద్దాయన వెడలగొట్టలేదు. నాలుగవ గ్లాసునకు రమ్మని పిలిచెను. ఇద్దరిలో ఉపాధ్యాయుడెవరు?

గత వేసవిలో కడపకు పోయితిని. పెద్దాయన లేడు. కుమారుడు అంగడి నడుపుచున్నాడు. అరలో ఎసెన్సు సీసాలే ఎక్కువ. "వేరు తవ్వి తెచ్చేటోళ్లు తగ్గిపోయినారు సార్" అనెను. వేరంతయు పెకలించిన పిదప తీగ మిగులునా? అయినను నాకొఱకు లోపలినుండి వేరుతో కాచిన పాకమే తెచ్చెను. తండ్రి చెప్పిన మాట చెప్పగా, "అందరికీ అదే చెప్తుండె సార్" అని నవ్వెను.

ఈ యేడు తరగతి తెఱచిననాడు మొదటి పద్యము చదివితిని. వెనుక బల్లపై నొక బాలుడు ముఖము చిట్లించెను. "నాలుగవ పద్యము తరువాత చెప్పుము నాయనా" అంటిని.