కౌజు కూసిందా? రాసిపెట్టండి!

తెల్లవారుజామున ఉస్మానియా యూనివర్సిటీ వైపు నడకకు వెళ్ళే తార్నాక ఆడవాళ్ళకు కౌజు కూత కొత్తేమీ కాదు. పొదల్లోంచి గొంతు చించుకుని ఒకటే అరుపు! దాన్నే హైదరాబాదులో తీతర్ అంటారు. ఒంటినిండా బూడిద, గోధుమ రంగు చారలు, పొట్టి తోక. మనిషి అలికిడైతే ఎగరడం కంటే పరిగెత్తడమే దానికిష్టం. విన్నారు సరే, ఎక్కడైనా రాసిపెట్టారా?

రాస్తే ఏమొస్తుందంటారా? మన దేశంలోని పక్షుల పరిస్థితి మీద 2020లో ఒక నివేదిక వచ్చింది. అందులోని లెక్కలన్నీ సుమారు 15,500 మంది పక్షులను చూసేవాళ్ళు రాసి పంపిన కోటి వివరాల నుంచి తీసినవే. పిచ్చుకలు పూర్తిగా పోతున్నాయని అందరం అనుకుంటాం కదా! దేశం మొత్తం మీద 25 ఏళ్ళుగా అవి ఇంచుమించు నిలకడగానే ఉన్నాయట. హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం మెల్లగా తగ్గుతున్నాయి. నెమళ్ళేమో బాగా పెరిగాయి. ఇవన్నీ ఒక్క ఆఫీసులో కూర్చుని తేల్చగలిగే సంగతులేనా?

1931-32లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు ఆయన భార్య తెహ్మినా కూడా వెంట తిరిగారు. పేరు ఆయనకే వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. అప్పట్లో రాసిపెట్టబట్టే ఇప్పుడు పోల్చి చూసుకోగలుగుతున్నాం.

అమెరికాలో అయోవా రాష్ట్రంవాళ్ళు తమ దగ్గర అంతరించిపోయిన గడ్డినేలల కోళ్ళను పక్కనున్న నెబ్రాస్కా నుంచి తెచ్చి వదిలారు. వదిలినవి ఎటు పోయాయో, పిల్లల్ని చేశాయో లేదో ఎవరైనా చూసి చెబితేనే కదా తెలిసేది! మన కౌజుకు ఇంకా ఆ గతి పట్టలేదు. అయితే క్యాంపస్‌లో ముళ్ళపొదలు కొట్టేసిన చోట అది దాక్కోలేదు. నిన్నటిదాకా అక్కడ కౌజులు ఉండేవని చెప్పడానికి కాగితం ముక్క ఉండాలా, వద్దా?

ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. 1998లో మొదలైన ఈ లెక్కలో 2013 నుంచి మన దేశమూ చేరింది. కాలేజీ క్యాంపస్‌లలోనూ లెక్కిస్తారు. మీరు చేయాల్సిందల్లా కనీసం 15 నిమిషాలు చూసి, చూసినవన్నీ ఈబర్డ్ యాప్‌లో రాయడం. డబ్బు కట్టక్కర్లేదు. యాప్ తెలియకపోతే పిల్లల్ని అడగండి, ఫోన్ పట్టుకుని కూర్చునేది వాళ్ళేగా!

కాకి, పావురంతో సహా అన్నీ రాయాలి. అందమైనవే రాస్తే లెక్క పనికిరాదు. పాలవాడు రాని రోజు కూడా క్యాలెండరులో సున్నా వేసుకుంటాం కదా! అలాగే మీరు అన్నీ రాస్తేనే ఆ పూట కౌజు కనబడలేదన్న సంగతి కూడా తెలుస్తుంది. పోల్చుకోలేని పిట్టను ఊహించి రాయొద్దు. అదే పిట్ట మళ్ళీ వస్తే రెండుసార్లు లెక్కపెట్టొద్దు.

గూడు కనబడితే మాత్రం దగ్గరకు పోకండి. కౌజు నేలమీదే గుడ్లు పెడుతుంది, మన వెనకాలే కుక్కలొస్తాయి.