అలంకరణ చేపల తొట్టి నీటిలో పి.హెచ్. తగ్గించుట: సహజ పద్ధతులు

అలంకరణ చేపల పెంపకం కొరకు రుణం తీసుకోదలచినవారు తొట్లు, షెడ్డు, మేత, తల్లిచేపల ఖరీదు జాగ్రత్తగా లెక్క వేసుకుంటారు. బోరునీటిని పరీక్ష చేయించుకునేవారు మాత్రం అరుదు. ఏంజెల్, డిస్కస్, నియాన్ టెట్రా వంటి చేపలు గుడ్లు పెట్టకపోవడానికీ, పెట్టిన గుడ్లు పిల్లలు కాకపోవడానికీ ఆ నీరే కారణం కావచ్చు. పిల్లలు రాకున్నా వాయిదా తేదీ ఆగదు కదా.

నీటి ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలమానమే పి.హెచ్. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. 8 నుండి 7కు దిగడమంటే ఆమ్ల గుణం పది రెట్లు పెరగడం. పైన చెప్పిన చేపలు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటికి చెందినవి. నియాన్ టెట్రాలు గుడ్లు పెట్టడానికి పి.హెచ్. 6కు అటూ ఇటూ ఉండాలి. ఏంజెల్ చేపలకు 6.5 నుండి 7 వరకు చాలును. తెలంగాణ, రాయలసీమలలో చాలాచోట్ల బోరునీరు ఉప్పదనమూ, సున్నపు గుణమూ కలిగి పి.హెచ్. 7.5 పైననే ఉంటుంది.

కొందరు నిమ్మరసమో, వెనిగరో పోసి చూస్తారు. అప్పటికి తగ్గినట్లు కనిపించినా ఒకటి రెండు రోజులలో పి.హెచ్. మళ్ళీ మొదటికి వస్తుంది. నీటిలోని బైకార్బొనేట్లు ఆ పులుపును విరిచివేయడమే ఇందుకు కారణం. ఈ హెచ్చుతగ్గులకు చేపలు పడే బాధ, కాస్త ఎక్కువ పి.హెచ్. నిలకడగా ఉన్న నీటిలో పడే బాధ కంటె ఎక్కువ. కాబట్టి ముందుగా తగ్గించవలసినది పి.హెచ్. కాదు, నీటి క్షారత్వం.

దీనికి మేలైన మార్గం వర్షపు నీరు. క్షారత్వం లీటరుకు 240 మిల్లీగ్రాములున్న బోరునీరు ఒక పాలుకు, మూడు పాళ్ళు వర్షపు నీరు కలిపితే అది సుమారు 60కి దిగుతుంది. తొలకరి వానలో కప్పు మీది దుమ్ము కొట్టుకుపోనిచ్చి, తరువాతి వాన నీటిని పట్టి మూతగల తొట్టిలో నిల్వ ఉంచుకోండి. జింకు పూత రేకుల మీది నీరు వద్దు. వర్షపు నీరు చాలనప్పుడు ఆర్.ఓ. యంత్రం శుద్ధి చేసిన నీరు వాడవచ్చు. ఆ యంత్రం బయటకు వదిలే వృథా నీరు ఎంతమాత్రం పనికిరాదు.

ఇలా మెత్తబడిన నీటిలోనే ఆకులు పనిచేస్తాయి. వీధులలో నీడకై పెంచే నాటుబాదం చెట్టు నుండి పండి రాలి, గోధుమరంగుకు ఎండిన ఆకులను పురుగుమందు తగలని చోట ఏరి, కడిగి, 40 లీటర్లకు ఒక పెద్ద ఆకు చొప్పున వేయండి. వాటిలోని టానిన్ల వలన నీరు పలుచని తేనీటి రంగుకు మారి, పి.హెచ్. మెల్లగా తగ్గుతుంది. నానబెట్టిన మొద్దు చెక్కలు కూడ ఇదే పని చేస్తాయి. ఈ నీటిని వేరే డ్రమ్ములో తయారుచేసి, కొద్దికొద్దిగా తొట్టిలోకి మార్చడం క్షేమం.

పరీక్షలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. అప్పుడే తోడిన బోరునీటిలో బొగ్గుపులుసు వాయువు ఉండుటచే పి.హెచ్. తక్కువగా చూపుతుంది. 24 గంటలు గాలి పట్టించిన తరువాత వచ్చిన అంకెనే నమ్మండి. కొత్త సిమెంటు తొట్లు సున్నం వదులుతాయి గనుక పలుమార్లు నీరు నింపి తీసివేయాలి. అడుగున వేసే గులకరాళ్ళపై వెనిగర్ చుక్క వేస్తే పొంగు వచ్చినచో అవి పనికిరావు.

క్షారత్వాన్ని పూర్తిగా పోగొట్టరాదు, అట్లయిన పి.హెచ్. ఒక్కసారిగా పడిపోగలదు. 6కు దిగువన, అమ్మోనియాను మార్చే మేలుచేయు బాక్టీరియా మందగిస్తుంది. అటువంటి పాతనీటిలో హడావుడిగా బోరునీరు పోస్తే, అంతవరకు హాని చేయని రూపంలో ఉన్న అమ్మోనియా విషమై చేపలు ఒక్క పూటలో చనిపోవచ్చు.

గప్పీ, మోలీ, ప్లేటీ చేపలకు ఈ శ్రమ అంతా అనవసరం. క్షారనీటిలోనే అవి బాగా పిల్లలు పెడతాయి. మొదటిసారి రుణం తీసుకునేవారు నీటిని మార్చుటకంటె, ఉన్న నీటికి తగిన చేపను ఎంచుకొనుట చవక. చేపలు అమ్మే డీలర్లు తమ తొట్టి పి.హెచ్.ను సంచీపై వ్రాసి ఇచ్చినచో, కొన్నవారు తమ నీటిని అందులో కొంచెం కొంచెంగా కలిపి, గంటసేపు అలవాటు చేసిన తరువాత చేపలను వదలగలరు.