దారిబత్తెము

ఇల్లు వెడలువానిని ‘ఎక్కడికి?’ అని అడుగరాదని మన పెద్దలకు ఒక పట్టింపు కలదు. కాని ‘దారికి ఏమి కట్టుకొన్నావు?’ అని అడుగుటకు ఆ పట్టింపు ఏనాడును అడ్డురాలేదు. ఆ కట్టుకొన్నదానికే దారిబత్తెమని పేరు. సంస్కృతమున దానిని పాథేయమందురు; పథమునందు అక్కరకు వచ్చునది గనుక ఆ పేరు వచ్చినది. చద్దిమూటయైనను, అటుకుల సంచియైనను, కొంగున ముడివేసిన నాలుగు రూకలైనను దారిబత్తెమే. అది లేనిదే గడప దాటరాదని పూర్వుల మతము.

నేడు ఆ మాట వాడుకలో పలుచబడినది. దానికి కారణము లేకపోలేదు. వేసవి సెలవులు వచ్చినను, సంక్రాంతి సెలవులు వచ్చినను, ప్రయాణములను అమ్మువారి ప్రకటనలు కన్నులకు కట్టుచుండును. కొండమీది రిసార్టులో మూడు రాత్రుల బస, సముద్రముమీద క్రూయిజు నౌకలో విహారము, థీమ్ పార్కులో ఒక పగటి వినోదము, ఏది కోరినను దానికొక ధర కట్టి, రైలు మొదలు రాత్రి భోజనము వరకు అందులోనే చేర్చి, ప్యాకేజీ అను పేర అమ్ముదురు. ‘మీరు రండు, చాలును; తక్కినది మేము చూచుకొందుము’ అనునది ఆ బేరమునకు పల్లవి. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ విషయముతో దగ్గరి సంబంధము కలదు. ఏలయన ఏటేట పాఠశాలలును కళాశాలలును విహారయాత్రలకు బయలుదేరుచున్నవి; పెక్కు తావుల అవియు ఇట్టి బేరములమీదనే నడచుచున్నవి. కావున ఆ పల్లవిలో నిజమెంతయో విచారింపవలసియున్నది.

నా అభిప్రాయము మొదటనే చెప్పెదను. డబ్బు పెట్టి కొనదగినది ఏర్పాటు; కొనరానిది సన్నాహము. ఏర్పాటు ఇతరులు మనకొరకు చేయునది. సన్నాహము మనకు మనము చేసికొనవలసినది. మొదటిది ఎంత పెరిగినను రెండవదానికి బదులు కాజాలదు.

వీరాస్వామయ్యగారి మజిలీలు

ఏర్పాటును అమ్ము వ్యాపారము పుట్టకమునుపు మనవారెట్లు ప్రయాణము చేసిరో తెలిసికొనుటకు ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ చక్కని ఆధారము. ఆయన చెన్నపట్టణము సుప్రీముకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగలమీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథముల మార్గమున 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి వచ్చిరి. ‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే’ అను సామెతకు పూర్తి అర్థమున్న రోజులవి. రైలు లేదు, తంతి లేదు, మజిలీ మజిలీకి కాలినడకయో పల్లకియో గతి.

ఆ గ్రంథమున మనకు కనుపించునది భక్తి యొక్కటియే కాదు. ఏ మజిలీలో నీరెట్లున్నది, అంగళ్ళలో ఏ వస్తువులు దొరకును, దిగుటకు తావు కలదా, ముందరి దారి ఎట్టిది అను సంగతులను ఆయన ఓపికతో విచారించి వ్రాసిరి. నూరు ప్రాణములు తనపై ఆధారపడియున్నవని ఎరిగిన యజమాని చూపు అది. తన స్నేహితులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపిన ఆ వృత్తాంతము 1838లో అచ్చుపడినది. ఆ త్రోవన పోదలచిన తరువాతివారికి అంతకంటె మంచి దారిబత్తెము ఏముండును?

ఆయన తిరిగివచ్చిన పదేండ్లకు, 1841 జూలై 5వ తేదీన, ఇంగ్లండులో థామస్ కుక్ అను మద్యనిషేధ ప్రచారకుడు లెస్టరు నుండి లఫ్‌బరో వరకు ఒక ప్రత్యేకపు రైలు మాటలాడి, మనిషికి ఒక షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని ఒక సభకు తీసికొనిపోయెను. ప్రయాణమును సరకుగా అమ్ము నేటి వ్యాపారమునకు అది అంకురము. దానివలన కలిగిన మేలు గొప్పది. కలిగినవారికి మాత్రమే సాధ్యమైన దూరప్రయాణము సామాన్యునికిని అందినది. దానిని నేను నిందింపను. కాని ఆ మేలుతోపాటు ఒక నమ్మకము కూడ వచ్చినది: టిక్కెట్టుతోపాటు జాగ్రత్తయు కొన్నట్లే యను నమ్మకము.

వినోదవనములో దాహము

ఆ నమ్మకమునకు దెబ్బతగిలిన కథ ఒకటి చెప్పెదను. నేటి థీమ్ పార్కులకు ఒరవడి పెట్టినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున అనహైము పట్టణములో వాల్ట్ డిస్నీ కట్టించిన డిస్నీలాండు. ఒక్క ఏడాదిలో దానిని కట్టి 1955 జూలై 17వ తేదీన ప్రారంభించిరి. ఆహ్వానితులకే ప్రవేశమని నియమము. కాని దొంగ టిక్కెట్లు బయలుదేరి సుమారు 28,000 మంది లోపలికి వచ్చిరి. ఎండ మండుచుండెను. కొళాయి పనివారి సమ్మెవలన మంచినీటి కొళాయిలను, మరుగుదొడ్లను రెంటిని సిద్ధపరచుటకు వ్యవధి చాలక, డిస్నీ మరుగుదొడ్లవైపే మొగ్గెను. జనులు దాహముతో అలమటించిరి. క్రొత్తగా పరచిన తారు మెత్తబడి స్త్రీల జోళ్ళ మడమలు అందులో దిగబడెను. ఒక కోటి 70 లక్షల డాలర్లతో కట్టిన ఆ వింతలోకములో ఆనాడు సీసాడు నీరు వెంట తెచ్చుకొన్న తల్లి ఎవరైన ఉండినచో, అందరికంటె ఆమెయే భాగ్యవంతురాలు.

పిమ్మట ఆ సంస్థ తన లోపములను సవరించుకొన్నది. అయినను సీసాడు నీటి పాఠము పాతబడలేదు. హైదరాబాదు పొలిమేరలో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ 1,600 ఎకరములకు పైబడిన ఆవరణము. ఒక పగటిలో అంతయు చూడవలెనని పరుగెత్తినవాడు ఏదియు చూడజాలడు. చూడవలసినవి నాలుగైదు ముందుగా ఏరుకొని, ముఖ్యమైనవానిని ఉదయమే ముగించుకొని, మిట్టమధ్యాహ్నము నీడపట్టున గడపువాడు సగమే చూచినను తృప్తితో ఇల్లు చేరును. ఇట్టి పార్కులలో కొన్ని యంత్రములెక్కుటకు పిల్లల ఎత్తు ఇంత ఉండవలెనని నియమములుండును. ఇంటివద్దనే ఆ సంగతి తెలిసినచో పసివాడు మరియొక ఆటను కోరుకొనును. గంటసేపు వరుసలో నిలిచిన పిదప తెలిసినచో ఏడ్పు తప్పదు.

నీటిమీది విహారము

దాహము ఒక పూటతో తీరును. నీటిమీద అజాగ్రత్త అట్లు తీరునది కాదు. 1912లో టైటానిక్ నౌక మునిగినప్పుడు అందులో సుమారు 2,200 మంది ఉండగా, ప్రాణరక్షక పడవలలో 1,178 మందికి మాత్రమే చోటుండెను. ఆ ఘోరము పిమ్మట 1914లో సముద్రముమీద ప్రాణరక్షణకు అంతర్జాతీయమైన ఒడంబడిక కుదిరినది. నూరేండ్లు గడచినవి. 2012 జనవరి 13వ తేదీ రాత్రి ఇటలీ తీరమున జిగ్లియో దీవివద్ద కోస్టా కాంకోర్డియా అను విహారనౌక రాతికి తగిలి ఒరిగిపోయి 32 మంది మరణించిరి. ఆపద వేళ ఎవరెక్కడ చేరవలెనో, రక్షక కవచమెట్లు తొడుగుకొనవలెనో నేర్పు అభ్యాసము ఆనాడే ఎక్కిన సుమారు 700 మందికి జరిగియుండలేదు. 24 గంటలలోగా జరిపిన చాలునని అప్పటి నియమము. 2015 జనవరి 1 నుండి ఆ అభ్యాసము నౌక కదలుటకు ముందే గాని, కదలిన వెంటనే గాని జరుగవలెనని నియమము మారినది.

విశాఖపట్టణము రేవులో 2023లో విహారనౌకలకు ప్రత్యేకముగా ఒక టెర్మినలు ప్రారంభమైనది గనుక ఈ సంగతి మనకు దూరపుది కాదు. అభ్యాసము జరుపుట నౌకవారి ఏర్పాటు. ఛాయాచిత్రముల తొందర మాని ఆ కొలది నిమిషములు చెవియొగ్గుట ప్రయాణికుని సన్నాహము.

మన నదులమీది కథలు మరింత దగ్గరివి. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయినవారి పడవ వరదలోనున్న గోదావరిలో కచ్చులూరువద్ద మునిగి దాదాపు 50 మంది ప్రాణములు కోల్పోయిరి. అంతకు ముందు 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది హిమాచల ప్రదేశమున బియాస్ నదిలో, ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీటిలో కొట్టుకొనిపోయిరి. నదిలో దిగి రాళ్ళమీద నిలిచి చిత్రములు తీసికొనుచున్న పిల్లలు వారు.

ఈ రెంటిలో ఎవరి బాధ్యత ఎంతయో తేల్చుట నా పని కాదు. ఉపాధ్యాయునిగా నాకు తోచినది ఒక్కటే. రాళ్ళనడుమ పలుచగా పారు ఏరు కొన్ని నిమిషములలో ఉప్పొంగగలదన్న సంగతి ఒడ్డున నిలిచి చూచిన కంటికి తెలియదు. ఎగువన ఆనకట్ట కలదన్న సంగతి మాత్రము పటములో ఉన్నది. అట్టి పటమును తరగతిలో విప్పి, నీరు ఎక్కడనుండి వచ్చును, ఎవరు విడుతురు, ఏ నెలలో పెరుగును అని పిల్లలచేతనే చెప్పించుట ప్రతి యాత్రకు మొదటి పాఠము కావలెను. పడవ ఎక్కుటకు ముందు అనుమతి కలదా, ఎందరికి అనుమతి, అందరికిని రక్షక కవచములు కలవా, నేటి వరద సమాచారమేమి అని అడుగుటకు సిగ్గుపడరాదు. సమాధానము సరిగా రానిచో ఒడ్డుననే ఉండిపోవుటకును సిద్ధపడవలెను. చెల్లించిన డబ్బు పోవునేమోయను చింత ఆ వేళ మనస్సున పుట్టరాదు.

నాగార్జునకొండకు ఒక పాఠము

సన్నాహమనగా భయమే యని అనుకొనరాదు. దానిలో సగము సంతోషము. విహారమను మాటకే రెండర్థములు కలవు: ఉల్లాసముగా తిరుగుట ఒకటి, బౌద్ధభిక్షువుల నివాసము రెండవది. ఈ రెండర్థములును ఒక్కచోట కలియు తావు నాగార్జునకొండ. అక్కడికి ఒక తరగతి పోదలచినదనుకొందము.

మూడు నెలలు ముందుగా పని మొదలుపెట్టవలెను. చరిత్ర బోధించువారు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కథ చెప్పుదురు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరనియు, లోయ మునుగక ముందే 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు సాగించి, చిక్కిన కట్టడములలో కొన్నింటిని కొండమీదికిని అనుపునకును తరలించి తిరిగి నిలిపిరనియు తెలిసిన బాలునికి అక్కడి ఇటుకలు మాటలాడును. ఏమియు తెలియక పోయినవానికి అవి వట్టి ఇటుకలే. తెలుగు పండితుడు లేఖారచన పాఠమును నిజమైన లేఖగా మార్చి, మ్యూజియము ఏ వేళల తెరచియుండును, లాంచీలు ఎప్పుడు కదలును అని పిల్లలచేత వ్రాయించవచ్చును. ఆ మ్యూజియమునకు శుక్రవారము సెలవు. ఆ ఒక్క సంగతి తెలియక గురువారము రాత్రి బయలుదేరిన బస్సు గతి ఊహించుకొనుడు! లెక్కల అయ్యవారు బస్సు బాడుగ, లాంచీ టిక్కెట్లు, భోజనము, ఆపద్ధనము కూడి మనిషికెంతయో పిల్లలచేతనే కట్టించవచ్చును. ప్రతి విద్యార్థియు వాడు మందులు, తల్లిదండ్రుల ఫోను సంఖ్య ఒక పుస్తకములో ఎక్కింపవలెను. ఇద్దరిద్దరిని జతకలిపి, ఒకరిని గూర్చి ఒకరు బదులు చెప్పునట్లు అప్పగింపవలెను.

ముందుగా లెక్క కట్టుటలో మరియొక మేలు కలదు. విహారయాత్ర ప్రకటించిన వారములోనే మొత్తము సొమ్ము కట్టుమన్నచో కట్టలేని పిల్లవాడు తరగతికొక్కడైన ఉండును. ‘మా అమ్మకు ఒంట్లో బాగులే’దనియో, ‘నాకు బస్సు పడ’దనియో చెప్పి వాడు తప్పుకొనును. నిజము చెప్పుటకు వానికి అభిమానము అడ్డువచ్చును. తిరిగివచ్చిన తోటివారు నెలరోజులు చెప్పుకొను కబుర్లను వాడు తలవంచుకొని వినును. మూడు నెలలు ముందుగా లెక్క తెలిసినచో ఆ తండ్రి నెలకింత కూడబెట్టవచ్చును. అప్పటికిని చాలనిచో మిగిలినవారు తలకొక పది రూపాయలు ఎవరికిని తెలియకుండ కలుపవచ్చును. ఒక్క పిల్లవానిని బస్సులో కూర్చుండబెట్టజాలిన సన్నాహము ఏ ప్యాకేజీలోను అమ్మకమునకు దొరకదు.

ఇక తిరిగివచ్చిన తరువాత చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. వీరాస్వామయ్యగారివలె పిల్లలు తాము చూచినది, పొరబడినది, నీరు దొరకిన చోటు, ఎండ బాధించిన వేళ, అయిన ఖర్చు ఒక నోటుపుస్తకములో వ్రాసి పాఠశాల గ్రంథాలయములో ఉంచవలెను. వచ్చు సంవత్సరము అదే త్రోవన పోవు తరగతికి అదియే దారిబత్తెము.